అమ్మ గడి ఖాళీ

పోయినేడాది 8వ తరగతిలో ఒక అబ్బాయిని వరసగా నాలుగు రోజులు నిలబెట్టాను. మొదటి పీరియడ్ నాదే. నేను బోర్డు మీద జీర్ణవ్యవస్థ బొమ్మ వేస్తుంటే వాడు చివరి బెంచీలో గోడకి తల ఆనించి నిద్రపోయేవాడు. మామూలు కునుకు కాదు, నోరు తెరుచుకుని మరీ. పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచి, ఏ పేజీ అన్నట్టు చుట్టూ చూసేవాడు. క్లాసంతా నవ్వేది. ఒకసారి నేనూ నవ్వాను. "రాత్రంతా ఫోనేనా?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. తల దించుకున్నాడంటే తప్పు ఒప్పుకున్నట్టే అని తీర్మానించేశాను. పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, పిల్లలు తల దించుకోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయని అప్పటికే తెలిసి ఉండాల్సింది.

ఐదో రోజు జీర్ణవ్యవస్థ పక్కన పెట్టి నిద్ర గురించి చెప్పాను. సిలబస్‌లో లేదు. వాడి మీద కోపంతోనే చెప్పాను, నిజం చెప్పాలంటే.

అప్పటివరకు ఆరోగ్యం మీద నా పాఠాలన్నీ ఒకటే మూస. చేతులు కడుక్కోండి, రెండు పూటలా పళ్ళు తోముకోండి, త్వరగా పడుకోండి, పెద్దల మాట వినండి. పిల్లలు నోట్సు రాసుకుంటారు, పరీక్షలో దించేస్తారు, నాలుగు మార్కులు పడతాయి. 'విద్యార్థులు తగినంత నిద్రపోవాలి' అని పరీక్షలో రాసిన పిల్ల ఆ వాక్యాన్ని రాత్రి పన్నెండింటిదాకా మేలుకుని బట్టీ పట్టి ఉంటుంది. ఈ వింత నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రోజూ అంకెలతోనే మొదలుపెట్టాను. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పిన లెక్క ప్రకారం 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు. బోర్డు మీద రాశాను. చివరి బెంచీ వైపు చూస్తూ 8 కింద రెండు గీతలు కూడా గీశాను.

మూడో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "టీచర్, అసలు పడుకోకుండా ఎన్ని రోజులుండొచ్చు?"

పిల్లలకి ఎప్పుడూ కావాల్సింది ఇదే. ఎంత చేస్తే మంచిదని అడగరు, ఎంతవరకు తెగిస్తే ఏమవుతుందని అడుగుతారు. ర్యాండీ గార్డ్‌నర్ కథ చెప్పాను. పదిహేడేళ్ళ హైస్కూల్ కుర్రాడు. సైన్స్ ప్రాజెక్టు కోసం 264 గంటలు, అంటే పదకొండు రోజులు నిద్రపోకుండా ఉన్నాడు. 1964 జనవరిలో ఆ ప్రయోగం ముగిసింది. మధ్యలో చిరాకు పెరిగింది, మాట తడబడింది, లేనివి ఉన్నట్టు అనిపించాయి. చివర్లో వంద నుంచి ఏడు చొప్పున తీసేస్తూ రమ్మంటే 65 దాకా వచ్చి ఆగిపోయాడు. ఎందుకాగావని అడిగితే, ఏం చేస్తున్నానో మర్చిపోయానన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత గిన్నిస్ వాళ్ళు ఇలాంటి రికార్డులు నమోదు చేయడమే మానేశారు, ప్రమాదమని.

"టీచర్, నాకు నిద్రపోయినా లెక్కలు రావు" అని ఒకడు. సరే, వాడి సంగతి వేరు.

అప్పుడే ఇంకో కథ గుర్తొచ్చింది. 1950ల మొదట్లో షికాగో యూనివర్సిటీలో యూజిన్ అసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, మెదడు తరంగాలు నమోదు చేసే ఒక పాత మెషీన్ దొరికితే దాని వైర్లు తన ఎనిమిదేళ్ళ కొడుకు కళ్ళ దగ్గర అంటించి పడుకోబెట్టాడు. తను పక్క గదిలో కూర్చుని కాగితం మీద కదిలే పెన్నులు చూస్తున్నాడు. నిద్రలో మెదడు దాదాపు పని ఆపేస్తుందని అప్పట్లో చాలామంది నమ్మకం. ఉన్నట్టుండి పెన్నులు గబగబా ఊగాయి. పిల్లాడు లేచాడేమో అని వెళ్ళి చూస్తే హాయిగా నిద్రపోతున్నాడు, మూసిన రెప్పల కింద కళ్ళు మాత్రం పరుగులు పెడుతున్నాయి. మెషీన్ పాడైందేమో అని కూడా అనుమానించాడట. 1953లో తన గురువు నథానియెల్ క్లైట్‌మన్‌తో కలిసి దాన్ని ప్రచురించాడు. మనకి ఎక్కువగా కలలొచ్చే ఆ దశని ఇప్పుడు రెమ్ నిద్ర, అంటే కళ్ళు గబగబా కదిలే నిద్ర, అంటున్నాం.

చెబుతూ చెబుతూ నాకే ఒక ఆలోచన వచ్చింది. ఒక నాన్న రాత్రంతా కూర్చుని కొడుకు నిద్రని చూశాడు. మన పిల్లలు ఇంట్లోవాళ్ళ నిద్రని చూస్తే?

హోమ్‌వర్క్ ఇచ్చాను. ఒక పేజీలో పైన ఇంట్లో ఉన్న అందరి పేర్లు, పక్కన ఏడు రోజులు. ఎవరు ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు. చివర ఒక గడి 'గమనించినవి' అని. ఒకటే షరతు, ఎవరికీ నీతులు చెప్పకూడదు. కేవలం రాయాలి. శాస్త్రవేత్త గమనిస్తాడు, దెబ్బలాడడు అని గంభీరంగా చెప్పాను. అసలు కారణం, "మా అబ్బాయి నన్ను త్వరగా పడుకోమంటున్నాడేంటండీ" అని తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తాయని నా భయం.

వారం తర్వాత 36 పుస్తకాలు బల్ల మీదకొచ్చాయి.

మొదటి పుస్తకంలో అమ్మ గడి ఖాళీ. ఏడు రోజులూ ఖాళీ. మర్చిపోయిందేమో అనుకుని పక్కన పెట్టాను. నాలుగో పుస్తకంలోనూ ఖాళీయే. ఒకడు ఏడు గళ్ళలో ఏడు ప్రశ్నార్థకాలు పెట్టాడు. ఒక పుస్తకంలో ఇలా ఉంది: "నేను పడుకునేటప్పటికి అమ్మ మేలుకునే ఉంది. లేచేటప్పటికి మేలుకునే ఉంది. మధ్యలో తెలీదు." లెక్కపెట్టాను. 36లో 14 ఇళ్ళలో అమ్మ ఎప్పుడు పడుకుంటుందో పిల్లలకి తెలీదు. నాన్న గడి, అన్న గడి, చివరికి కుక్క గడి కూడా నింపినవాళ్ళున్నారు. కుక్క గురించి ఎవరు రాయమన్నారో!

ఒకమ్మాయి మాత్రం అమ్మ గడి వదల్లేదు. అలారం పెట్టుకుని లేచింది. గురువారం నాటి గడిలో చిన్న అక్షరాలతో ఇరికించి రాసింది. "12:10. అమ్మ బట్టలు మడతపెడుతోంది. నేనూ నాలుగు మడతపెట్టాను. 12:25కి ఇద్దరం పడుకున్నాం." అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేస్తే నిద్ర పాఠం దేనికమ్మా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. శుక్రవారం నుంచి ఆ గడిలో 11:15, 11:00, 11:10 అని ఉంది. బట్టలు రాత్రి భోజనం కాగానే ఇద్దరూ కలిసి మడతపెట్టేస్తున్నారట. పెద్దవాళ్ళకి సహాయపడాలి అని నేను పంతొమ్మిదేళ్ళు చెప్పాను. ఆ పిల్లకి నేనా మాట చెప్పనేలేదు, గడి నింపమన్నానంతే.

ఇంకో అబ్బాయి వాళ్ళ నానమ్మ గురించి. "నానమ్మ 8:30కి పడుకుంటుంది. 2:50కి లేచి గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్తుంది. లైటు వేస్తే మాకు నిద్ర పోతుందని వేయదు." క్లాసులో చదివి వినిపిస్తే ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడొక సంగతి చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, ప్రమాదవశాత్తు జరిగే మరణాలకి రోడ్డు ప్రమాదాల తర్వాత పెద్ద కారణం పడిపోవడమే. ప్రాణం పోయే దెబ్బలు తగిలేది ఎక్కువగా అరవై దాటినవాళ్ళకి. నవ్వు ఆగింది. మర్నాడు ఆ అబ్బాయి వచ్చి, మంచం నుంచి బాత్రూమ్ దాకా దారిలో ఉన్న స్టూలు తీసేశామని, ఒక చిన్న లైటు రాత్రంతా వెలిగేట్టు పెట్టామని చెప్పాడు. "నానమ్మ కరెంటు దండగ అంటోంది టీచర్" అన్నాడు. అనక మానదు.

ఈ నానమ్మల గురించే ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే 36 పుస్తకాల్లో ఎక్కువ గొడవలు పొద్దున నిద్ర లేపే దగ్గరే ఉన్నాయి. తెల్లారి అయిదింటికే లేచి కూర్చునే పెద్దావిడకి ఏడైనా లేవని మనవడు సోమరిపోతులా కనబడతాడు. వాడికేమో ఆవిడ పగబట్టినట్టు కనబడుతుంది. నిజానికి ఇద్దరి ఒంట్లో గడియారాలు వేరు. సాయంత్రం చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరడం మొదలవుతుంది, అది 'ఇక రాత్రి' అని ఒంటికి కబురు చెబుతుంది. యుక్తవయసు మొదలయ్యాక ఆ కబురు ఆలస్యంగా వస్తుంది, కొందరిలో రెండు గంటలదాకా. చిన్నప్పుడు తొమ్మిదింటికే వాలిపోయిన పిల్లాడు పదమూడేళ్ళకి పదిన్నరైనా కళ్ళు విప్పార్చుకుని కూర్చోవడానికి అదొక కారణం. ముసలితనంలో ఇదే గడియారం ముందుకు జరుగుతుంది, నిద్ర కూడా పలచబడుతుంది. ఒకే గదిలో పడుకునే నానమ్మా మనవడూ వేరువేరు దేశాల టైములో బతుకుతున్నట్టే. ఇది చెప్పగానే క్లాసులో పండగ. "మా నానమ్మకి చెప్తాను టీచర్!" అని నలుగురు లేచారు. చెప్పండి, కానీ పడుకునే ముందు ముఖానికి అడుగు దూరంలో వెలుగుతున్న ఫోను పట్టుకుంటే ఆ కబురు ఇంకా ఆలస్యమవుతుందని కూడా చెప్పండి, అది నానమ్మ తప్పు కాదు అన్నాను. పండగ అక్కడితో ముగిసింది.

ప్రవర్తన గురించి కూడా ఒక మాట. నిద్ర చాలని పెద్దవాళ్ళు మందకొడిగా ఉంటారు. పిల్లలు చాలాసార్లు దానికి ఎదురు, గెంతుతారు, చిన్నమాటకి గొడవపడతారు, కూర్చున్నచోట కూర్చోరు. భయం, కోపం పుట్టించే మెదడు భాగాన్ని అదుపులో ఉంచే ముందు భాగం నిద్ర లేకపోతే పట్టు సడలిస్తుంది. నా దగ్గరున్న ఫిర్యాదుల పుస్తకం తీసి చూశాను. ఆ నెలలో తన్నుకున్న ముగ్గురిలో ఇద్దరి నిద్ర లెక్క ఆరున్నర గంటలు దాటలేదు. ముగ్గురితో ఏదీ రుజువు కాదు, తెలుసు. కానీ 'క్రమశిక్షణ లేదు' అని ఆ ఇద్దరి పేర్ల పక్కన రాసింది నా చేతిరాతే.

పిల్లలకి చెప్పాను కదా అని మా ఇంట్లోనూ ఒక పేజీ గీశాను. రాసే పని మా అమ్మాయికి ఇచ్చాను. దానికి పద్నాలుగేళ్ళు, వేరే స్కూల్లో చదువుతుంది, నా పాఠాలంటే పెద్ద గౌరవం లేదు. మూడో రోజు నా గడిలో ఇలా రాసింది: "పడుకుంటున్నానని 10:15కి చెప్పింది. 11:40 దాకా దుప్పటి కింద వెలుతురు కనబడింది."

రాత్రంతా ఫోనేనా అని నేను ఎవరినో అడిగాను కదా. వాడి పుస్తకం ఇంకా చూడలేదప్పటికి.

వాడు అందరితోపాటు ఇవ్వలేదు. బెల్లు కొట్టాక, నేను సంచి సర్దుకుంటుంటే, బల్ల మూలన పెట్టి వెళ్ళిపోయాడు. అది 36వది. ఇంట్లో ముగ్గురే. అమ్మ గడి నిండుగా ఉంది. నాన్న గడిలో పడుకునే టైము 12:55, 1:10, 12:50. వీడి గడిలోనూ అవే అంకెలు, అయిదు నిమిషాల తేడాతో. లేచేది మాత్రం 6:00. 'గమనించినవి' దగ్గర ఒకటే వాక్యం: "నాన్న డ్యూటీ నుంచి 12:15కి వస్తాడు, అప్పుడు మాట్లాడుకుంటాం."

వీడు పొద్దున బడికి వచ్చేటప్పటికి నాన్న నిద్రలో ఉంటాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పటికి నాన్న డ్యూటీకి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ ఇంట్లో తండ్రీకొడుకులు ఒకరికొకరు కనబడేది అర్ధరాత్రి ముప్పావుగంట. అందుకోసం వాడు రోజూ మేలుకుని ఉంటున్నాడు. ఫోను లేదు, టీవీ లేదు. బోర్డు మీద నేను రెండు గీతలు గీసిన ఆ 8ని వాడు పాటిస్తే ముందు పోయేది నాన్నతో గడిపే ఆ ముప్పావుగంటే.

మర్నాడు మొదటి పీరియడ్‌లో అందరి ముందు క్షమాపణ చెప్పాను. స్టాఫ్ రూమ్‌కి పిలిచి చెప్పొచ్చు, సులువు కూడా. కానీ నవ్వింది అందరి ముందు. వాడి ఇంటి సంగతి ఎత్తలేదు. "అడగకుండా నేనే ఒకటి ఊహించుకుని నిన్ను నాలుగు రోజులు నిలబెట్టాను. పైగా నవ్వాను. తప్పు నాది, సారీ" అన్నాను. గొంతు అనుకున్నంత స్థిరంగా రాలేదు. వాడు లేచి నిలబడి "పర్లేదు టీచర్" అని, ఇంకేం చేయాలో తెలీక మళ్ళీ కూర్చున్నాడు. క్లాసు నిశ్శబ్దం. అంతలో ముందు బెంచీ నుంచి, "టీచర్, మరి జూలైలో నన్ను బయట నిలబెట్టారు, ఆ రోజు మాట్లాడింది నేను కాదు." తర్వాత ఇంకొకరు. ఆ రోజు మొత్తం మూడు సారీలు చెప్పాను. నాలుగోవాడికి చెప్పలేదు, ఆ రోజు మాట్లాడింది వాడే, నాకు బాగా గుర్తు.

తర్వాతి వారం ఆ చివరి బెంచీ అబ్బాయి వాళ్ళ నాన్న వచ్చాడు. నేనే కబురు పంపాను. కంప్లయింట్ అనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు. కూర్చోబెట్టి అంకెలు చెప్పాను, పుస్తకం చూపించాను. గడులు వేలితో ఒక్కొక్కటే తడుముతూ చదివాడు. "పడుకోమనే చెప్తాను మేడం. కానీ తలుపు తీసేటప్పటికి వాడు కూర్చుని ఉంటే..." అని ఆగాడు. "నాకూ బాగుంటుంది."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. ఎదిగే పిల్లాడికి గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే అనీ, పగలు విన్న పాఠం మెదడులో కుదురుకునేది నిద్రలోనే అనీ చెప్పగలను, చెప్పాను కూడా. ఆ ముప్పావుగంటకి బదులు ఏం ఇస్తానో మాత్రం చెప్పలేకపోయాను. సెలవు రోజు ఎక్కువసేపు గడపండి లాంటి పొడి సలహా ఒకటి ఇచ్చాను. ఆయన మర్యాదగా తలూపాడు.

ఉపాయం వాడిదే. పక్క నెలలో, నేను అడక్కుండానే, ఇంకో పేజీ గీసి తెచ్చాడు. ఈసారి నాన్న గడిలో రెండు వరసలు: "12:45–6:20, మళ్ళీ 8:00–10:00." వీడి గడి: "10:00–6:00." గమనించినవి: "నాన్న నన్ను స్కూలు దాకా నడిపించి, ఇంటికెళ్ళి మళ్ళీ పడుకుంటున్నాడు. నడిస్తే 25 నిమిషాలు."

పాఠం చెప్పేదాన్ని కాబట్టి పుల్లవిరుపు లేకుండా ఉండలేను. ముక్కలైన నిద్ర ఏకధాటి నిద్రతో సమానం కాదు. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటలు కావాలంటారు. ఆయనకి కూడితే ఏడు గంటల 35 నిమిషాలు వస్తోంది, కానీ రెండు ముక్కలుగా. గాఢనిద్ర ఎక్కువగా మొదటి గంటల్లోనే ఉంటుంది కాబట్టి ఆ భాగం మొదటి ముక్కలో దక్కుతోందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వాడికి మాత్రం "లెక్క సరిగ్గా కట్టావు" అన్నాను. పేజీ కింద బుధవారం గడిలో "12:50" అని ఉంది, పక్కన "ఇవాళ మేలుకున్నాను" అని. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు వాడు 9వ తరగతి. ఈ ఏడూ వాళ్ళకి మొదటి పీరియడ్ నాదే. బెల్లుకి పది నిమిషాల ముందు కిటికీ దగ్గర నిలబడితే గేటు కనబడుతుంది. సంచి నాన్న భుజాన ఉంటుంది. గేటు దగ్గర వీడు లాక్కుంటాడు. ఏదో చెబుతూనే ఉంటాడు, ఆయన వింటూ పెద్దగా ఆవులిస్తాడు. ఆవులింత అంటుకుంటుంది కదా, వీడూ ఆవులిస్తాడు. కిటికీలోంచి చూస్తున్నదాన్ని, నాకూ వస్తుంది.